ఫైర్ స్టేషన్‌కు జాగ చూసేటోళ్లు ముందు గడియారం చూడాలె

పోస్టు జర పెద్దగైంది. పొలం పనుల్లో ఉన్నోళ్లు రాత్రి తిన్నంక తీరికగా చదవండి.

మొన్న పాసుబుక్కు పని మీద మండల ఆఫీసుకు పోయిన. అక్కడ వేపచెట్టు కింద నలుగురు కూసొని మాట్లాడుకుంటున్నరు. మన దిక్కు వెంచర్లు పెరిగినయ్, అపార్ట్‌మెంట్లు లేస్తున్నయ్, గోదాములు వస్తున్నయ్ కాబట్టి ఒక ఫైర్ స్టేషన్ కావాలని పైకి రాసిండ్రట, జాగ చూస్తున్నరట. ఎక్కడ చూస్తున్నరు అని అడిగిన. "ఎక్కడేంది, సర్కారు భూమి ఎక్కడ మిగిలితే అక్కడ. చెరువు వెనక ఎకరం ముక్క ఉంది కద" అన్నడు ఒకాయన. అందరూ తలకాయ ఊపిండ్రు.

ఆ చెరువు వెనక ముక్క నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ బాటల ట్రాక్టర్ ఎదురైతే మోటార్ సైకిల్ పక్కకు దిగాలె. వానకాలం మత్తడి దుంకితే బాట మొత్తం నీళ్లే. రెండు మలుపులు తిరిగి, బడి ముందు నుంచి, కిరాణం దుకాణాల నడుమ నుంచి వస్తే గాని మెయిన్ రోడ్డు రాదు. ఎరువుల గోదాముకైతే ఆ జాగ నడుస్తది. ఫైర్ స్టేషన్ అంటే ఫోన్ రాంగనే బండి బయటికి ఉరికే జాగ. అక్కడ పెడితే ఆ బండి రోడ్డెక్కే వరకే మన కొంప సగం కాలుతది.

నాకెందుకింత పట్టింపు అంటే, మూడేండ్ల కింద యాసంగి కోతలప్పుడు మా చిన్నాయన కొడుకు కొట్టం కాలింది. మిట్టమధ్యాహ్నం, గాలి దుమారం. వేలాడే కరెంటు తీగలు ఒకదానికొకటి తాకి రవ్వలు గడ్డివాము మీద పడ్డయ్. 101కి ఫోన్ చేసింది నేనే. స్టేషన్ ఉన్న టౌను మాకు 13 కిలోమీటర్లు. బైకు మీద ఇరవై నిమిషాల తొవ్వ. ఫైరింజన్ వచ్చేసరికి యాభై నిమిషాలైంది. దారిల రైలు గేటు పడ్డది. గేటు లేచినంక అంగడి. ఆ రోజు అంగడి దినం. మేకలు, కూరగాయల తట్టలు, ఆటోలు, ఆ నడుమ సైరన్ కొట్టుకుంటా బండి. రెండు బర్లల్ల ఒకటి పలుపు తెంపుకొని బయటపడ్డది, ఇంకొకటి కట్టుగొయ్య కాడనే పోయింది. పాడిబర్రె. లీటర్ల లెక్క చెప్పను, మీకు తెలుసు.

బండి రాంగనే మేమంతా ఆ పిల్లల మీద పడ్డం. నేనూ నాలుగు మాటలన్న. ఇప్పటికీ బాధ ఉంది దానికి. వాళ్ల తప్పు ఏం లేదు. ఫోన్ పెట్టంగనే బయలెల్లిండ్రు. తప్పంతా స్టేషన్ ఉన్న తావుది. స్టేషన్ టౌనుకు అవతలి పక్కన, మన పది ఊర్లు రైలు గేటుకు ఇవతలి పక్కన. అది కట్టేనాటికే గేటు ఉంది, అంగడి ఉంది. అక్కడ జాగ ఖాళీగ ఉండె, కట్టిండ్రు. అంతే.

అదే వారంల ఇంకో ఊర్లో వాము అంటుకుంటే బండి ఇరవై రెండు నిమిషాలల్ల పోయింది. ఆ ఊరు టౌనుకు 18 కిలోమీటర్లు, మాకన్నా దూరం. కాని హైవే మీద ఉంది. అప్పుడు సమజైంది నాకు, మ్యాపు మీద కంపాసు పెట్టి గుండ్రం గీసి "ఇన్ని కిలోమీటర్లల్ల ఇన్ని ఊర్లు వస్తయ్" అనే లెక్క ఉత్తదే అని.

దీనికి సర్కారు కాడనే ఒక లెక్కుంది. కేంద్ర హోంశాఖ కింద స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ అని ఉంటది. వాళ్ల లెక్క ప్రకారం పట్నాలల్ల 5 నుంచి 7 నిమిషాలల్ల, పల్లెలల్ల 20 నిమిషాలల్ల బండి చేరుకోవాలె. పట్నంల 10 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్, పల్లెల దిక్కు 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి ఉండాలె. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. దాని లోపలి జాగ సుమారు 2 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆ లెక్కన ఔటర్ లోపలనే 200 స్టేషన్లు కావాలె. ఇప్పుడున్నవి దాని దరిదాపుల లేవు. రేపటికి రేపు 200 కట్టేంత పైసలు, మనుషులు ఎవరి కాడ లేవు. అందుకే ఏ నాలుగు ముందు కట్టాలె, ఎక్కడ కట్టాలె అనేదే అసలు సంగతి. సరైన తావున కట్టిన ఒక్కటి, మూలకు కట్టిన మూడింటి పని చేస్తది.

ఆ 5 నిమిషాలు ఎందుకంటే, ఈ కాలం ఇండ్లల్ల సోఫా, పరుపు, ప్లాస్టిక్ సామానే ఎక్కువ. కొద్ది నిమిషాలల్లనే గది గదంతా అంటుకుంటది. పొగ అంతకన్నా ముందే మనిషిని పడగొడతది. మన వాము కాలితే గడ్డి పోతది, అపార్ట్‌మెంటు కాలితే పిల్లలు పోతరు. ఈ తేడా నేను మరిచిపోయి రాస్తలేను.

హైదరాబాద్ సంగతే చూడండి. 2022 మార్చిల బోయిగూడ తుక్కు గోదాముల 11 మంది బీహార్ కూలోళ్లు పోయిండ్రు. కింద తుక్కు, పైన వాళ్ల పడక, దిగనీకి ఒక్కటే ఇరుకు మెట్లు. అదే ఏడాది సెప్టెంబర్ల సికింద్రాబాద్ల కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణం, పైన లాడ్జి ఉన్న బిల్డింగుల 8 మంది. 2023 నవంబర్ల నాంపల్లి బజార్‌ఘాట్‌ల కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు, 9 మంది. 2025 మే 18న పొద్దుగాల చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ కాడ ఒకే బిల్డింగుల 17 మంది, అండ్ల ఎనిమిది మంది చిన్న పిల్లలు. అక్కడికి మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ దగ్గరే. స్టేషన్ దగ్గరున్నా లోపలికి పోయే దారి సొరంగం లెక్క ఉంటే ఏం చేస్తరు? కాబట్టి స్టేషన్ కడితే అంతా అయిపోతది అని నేను అంటలేను.

ఇంకో ముచ్చట కూడ కనిపిస్తది. చచ్చిపోయినోళ్లు ముప్పై అంతస్తుల టవర్లల్ల ఉన్నోళ్లు కాదు. ఆ టవర్లకు సొంత పంపులుంటయ్, పైపులుంటయ్, పైకప్పు నుంచి నీళ్లు చల్లే ఏర్పాటుంటది, పర్మిషన్ కోసమన్నా పెడతరు. సరుకు మీద మనుషులు పడుకునే ఇండ్లకు ఏమీ ఉండది. కొత్త స్టేషన్ ఎక్కడ అంటే, నన్నడిగితే, సరుకు కింద మనుషులు పైన ఉండే బస్తీలకు దగ్గర ముందు. టవర్లోళ్లది ఆ తర్వాత. టవర్లోళ్లకు కోపం రావచ్చు, ఏం చేస్తం.

ఇండ్ల మన రైతుల పాపం కూడ కొంత ఉంది. పట్నంల గోదాములు తియ్యమంటే వాళ్లు ఎటు వస్తున్నరు? మన దిక్కే. కోళ్ల ఫారాలు నడవక మూతపడ్డ షెడ్లు ప్లాస్టిక్ తుక్కుకు, రంగుల డబ్బాలకు, పాత టైర్లకు కిరాయికి ఇస్తున్నం. నెల కాంగనే పైసలు వస్తయ్, మంచిదే. లోపల ఏం పెట్టిండ్రు, రాత్రి ఎంతమంది పడుకుంటున్నరు అని అడిగినోడు మనల ఎవడన్నా ఉన్నడా? మా ఊరి పొలిమేరలనే అసుంటి షెడ్లు ఏడు లెక్కపెట్టిన. బోయిగూడ మన చేన్లకు నడుచుకుంటా వస్తుంది.

ఇక తొవ్వల సంగతి. పట్నంల మూసీ ఉంది. పై నుంచి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే మూసారాంబాగ్ కాడ కింది వంతెన మునిగి రాకపోకలు బంద్ అవుడు ఎన్నోసార్లు చూసినం. ఏటికి ఇవతల స్టేషన్, అవతల మంట ఉంటే మ్యాపు మీద కిలోమీటరే, బండికి మాత్రం ఎంత చుట్టో. మన దిక్కు ఔటర్ రింగు రోడ్డే ఒక ఏరు లెక్క. ఔటర్ పడ్డప్పుడు మన చేన్లు అటు ఇటు చీలితే గట్టు అవతలి చేనుకు పోనీకి మనం ఎంత చుట్టు తిరిగినమో యాదికుందా? ఎడ్లబండి తిప్పలే ఫైరింజన్‌కూ. ఔటర్ మీదికి ఎక్కాలన్నా దిగాలన్నా ఎగ్జిట్ కాడనే. కింది నుంచి పోదామంటే అండర్‌పాసుల నీళ్లు నిలుస్తయ్, కొన్నిటి ఎత్తు చాలదు. ఔటర్‌ను ఆనుకొని స్టేషన్ కట్టిండ్రు, అబ్బ ఎంత మంచి జాగ అని ఫొటో దిగుతరు. అది ఎగ్జిట్ కాడ ఉందా, రెండు ఎగ్జిట్ల నడుమ చిక్కుకుందా అని ఎవరన్నా చూస్తరా?

జాగ సంగతికి వస్తే, 2023 ఆగస్టుల కోకాపేటల ఎకరం వంద కోట్లు దాటి వేలం పోయింది, అందరం టీవీల చూసినం. ఆ ధర పలికే తావుల అరెకరం ఫైర్ స్టేషన్‌కు ఇడువుమంటే ఎవరికి చెయ్యి వస్తది? రాదు. అందుకే ఆ ముక్క వేలం కన్నా ముందు, లేఅవుట్ గీసే దినమే పక్కకు తియ్యాలె. మన వెంచర్ల కూడ లేఅవుట్ల పదో వంతు ఖాళీ జాగ పంచాయతీకి, మున్సిపాలిటీకి రాసియ్యాలని రూలుంది. వాళ్లు ఏ ముక్క రాసిస్తరో మీకు చెప్పాల్నా? వాగు ఒడ్డు ముక్క, హై టెన్షన్ తీగల కింది ముక్క, శ్మశానం పక్క ముక్క. రోడ్డు ముక్కలన్నీ ప్లాట్లు. ఆ తర్వాత పదేండ్లకు ఊరు పట్నమైనంక ఫైర్ స్టేషన్‌కు జాగ ఏదిరా అని చూస్తే ఆ మిగిలిన ముక్కలే కనబడతయ్. చెరువు వెనక ఎకరం కత కూడ ఇదే.

పైసలు లేవు అనే మాట ఒకటుంది. రాష్ట్రాలల్ల ఫైర్ సర్వీసులు పెంచనీకి 2023ల కేంద్రం 5 వేల కోట్ల స్కీము పెట్టింది. దేశమంతటికీ పంచితే అది చాలదు, నిజమే. చాలనప్పుడే కద జాగ జాగ్రత్తగా ఎంచాలె.

నియోజకవర్గానికి ఒక స్టేషన్ అని అడుగుతరు మన నాయకులు. వినడానికి న్యాయంగనే ఉంటది. పట్నంల నియోజకవర్గం ఈ చివరి నుంచి ఆ చివరికి ఆటోల పోవచ్చు. మన దిక్కు నియోజకవర్గం దాటాలంటే టిఫిన్ కట్టుకొని పోవాలె. ఓట్ల లెక్క ఓట్లకు, మంటల లెక్క మంటలకు.

నేను చేసిన పని ఒకటి చెప్త. మా ఊరి కాడ నాలుగు రోడ్ల కూడలి ఉంది. అటు పోతే వెంచర్లు, అపార్ట్‌మెంట్లు, ఇటు పోతే మన ఊర్లు. నీళ్ల ట్యాంకర్ లారీ నడిపే మా దోస్తు ఒకడున్నడు. నిండు ట్యాంకర్ తోని ఆ కూడలి నుంచి, చెరువు వెనక ముక్క నుంచి, ఆరు ఊర్లకు టైము కొలిచినం. బైకు మీద కొలిస్తే లాభం లేదు, నీళ్లు నింపిన బండి మలుపుల కాడ ఎంత నిదానిస్తదో ట్రాక్టర్ ట్యాంకర్ నడిపినోళ్లకు ఎరుకే. ఫైరింజన్ల కూడ నాలుగైదు వేల లీటర్ల నీళ్లుంటయ్. పొద్దుగాల బడి బస్సుల టైముకు ఒకసారి, రాత్రి ఒకసారి. కూడలి నుంచి అన్నిటికన్నా దూరపు ఊరికి పొద్దుగాల 19 నిమిషాలు పట్టింది. చెరువు వెనక ముక్క నుంచి అదే ఊరికి 33. అపార్ట్‌మెంట్లకు కూడలి నుంచి 6, చెరువు నుంచి 17. రాత్రిపూట తేడా కొంచెం తగ్గింది, కాని రాత్రిపూట కూడ కూడలే ముందు. మా నోటుబుక్కుల రాసి పెట్టిన. ఇది పెద్ద చదువుల లెక్క కాదు, కాని మండల ఆఫీసుల ఇంతమాత్రం లెక్క కూడ లేదు.

నీళ్ల సంగతి కూడ అనాలె. ఆ నాలుగైదు వేల లీటర్లు గట్టిగ కొడితే నిమిషాలల్ల అయిపోతయ్. తర్వాత మళ్లీ ఎక్కడ నింపుకోవాలె? ఎనకట ఊర్ల చుట్టూ మోట బావులుండె. పైపు దించి గుంజుకునేది. ఇప్పుడు బావులు పూడ్చినం, బోర్లే. రెండించుల బోరు పోస్తుంటే ఆ ట్యాంకు ఎప్పటికి నిండాలె? కూడలి పక్కన మిషన్ భగీరథ ట్యాంకు ఉంది. బండి నింపుకునే పైపు ఒకటి దానికి పెట్టిస్తే అయిపోయే పని. స్టేషన్ ఎక్కడ అని అడిగేటప్పుడే నీళ్లు ఎక్కడ అని కూడ అడగాలె.

కొందరు మనోళ్లే అంటున్నరు, "ఏడాదికి రెండు వాములు కాలితే దానికి స్టేషనా?" అని. మాట ఒప్పే. ఒక్కటే స్టేషన్ ఇస్తం అంటే ఎక్కువమంది పండుకునే దిక్కే పెట్టమనాలె, నేను కాదనను. మాకు 20 నిమిషాలైనా ఓర్చుకుంటం. యాభై నిమిషాలే వద్దంటున్న. స్టేషన్ మొత్తం కట్టనీకి ఏండ్లు పడితే, ముందు కూడలి కాడ ఒక రేకుల షెడ్డు, రెండు గదులు, ఒక బండి, మనుషులు పెట్టి ఔట్‌పోస్ట్ నడపమనండి. 2005ల 108 వచ్చినప్పటి నుంచి చూస్తలేమా, ఆ బండ్లు దవాఖాన్లనే నిలబడాలని ఏం లేదు, రోడ్ల మీద కూడలి చూసుకొని నిలబడతయ్. రెండేండ్లు ఫోన్లు ఏ దిక్కు నుంచి ఎక్కువ వస్తున్నయో రాసుకొని, అప్పుడు పక్కా బిల్డింగు కట్టినా తప్పు లేదు. పత్తి సీజన్ల జిన్నింగు మిల్లుల దిక్కు, కోతలప్పుడు మన దిక్కు బండిని జరపొచ్చు. బిల్డింగును జరపలేం.

ఇక్కడి దాకా చదివినోళ్లు ఒక మాట అనుకుంటరు. కూడలి కాడ ఈయన భూమి ఉంది, ధర పెంచుకోనీకి రాస్తున్నడు అని. ఉంది. ఎకరం పది గుంటలు, మా అన్నదమ్ముల పొత్తుల. బ్రోకర్లు వారానికొకసారి వస్తున్నరు. దాస్తే రేపు ఎవరన్నా అంటరు కాబట్టి నేనే చెప్తున్న. అక్కడ మాది కాక ఇంకా మూడు కుటుంబాల భూములున్నయ్, ఎవరిది తీసుకున్నా కూడలి కూడలే. మాది కావాలంటే 20 గుంటలు ఇయ్యనీకి మా అన్నను నేను ఒప్పిస్త. ఒక్కటే షరతు. పోయిన ఏడాది పక్క చేను ఏ ధరకు అమ్ముడుపోయిందో ఆ ధర. రిజిస్ట్రేషన్ విలువ మీద లెక్కగట్టి చేతుల పెడతమంటే కుదరది. ఔటర్‌కు ఇచ్చినం, కంపెనీలకు ఇచ్చినం, ఇప్పుడు రీజనల్ రింగు రోడ్డుకు రాళ్లు పాతుతుంటే మన పక్క మండలాలల్ల రైతులు రోడ్డెక్కుతున్నరు. భూమి మళ్లా రైతే ఇయ్యాలె, కాగితం ధరకే ఇయ్యాలె అంటే, కాలిన కొట్టం చూసిన నాకే మనసు రాదు, చూడనోళ్లకు ఎట్ల వస్తది? సర్కారు భూమి మిగిలిందని చెరువు వెనక కట్టి మిగిలించే పైసలకన్నా, కూడలి కాడ 20 గుంటలు కొనే పైసలు ఎక్కువేం కావు. వంద కోట్లకు ఎకరం అమ్మే సర్కారుకు అరెకరం కొనుడు చాతకాదా?

మా అన్న ఇంకా ఒప్పుకోలేదు. "ముందు నువ్వు లెక్కలు తీస్కపో, వాళ్లు వింటరో లేదో చూద్దాం" అంటున్నడు. సరే అన్న.

వచ్చే గ్రామసభల ఈ నోటుబుక్కు చదువుత. అంతకన్నా ముందు అంగడి దినం లెక్క ఒకటి మిగిలింది. బుధవారం పొద్దుగాల పదిన్నరకు ట్యాంకర్ మాట్లాడి పెట్టిన. డీజిల్ నేను పోస్త. చెరువు కాడ ఒకరు, కూడలి కాడ ఒకరు, ఊర్లల్ల ఒక్కొక్కరు ఫోన్ పట్టుకొని టైము రాసుకోనీకి మనుషులు కావాలె. వచ్చేటోళ్లు మంగళవారం రాత్రి లోపల చెప్పండి. పోయిన అయిదేండ్లల్ల మీ ఊరి నుంచి 101కి ఫోన్ చేసినోళ్లుంటే ఏ రోజు, ఏ టైముకు చేసిండ్రు, బండి ఎన్ని నిమిషాలకు వచ్చింది, దారిల ఎక్కడ ఆగింది, అది కూడ రాసి తెండి.